నాలుగు నిమిషాల మెలకువ

పాత మోటారు పడవలో పెట్రోలు ఇంజన్లు తీసేసి డీజిల్ ఇంజన్లు పెట్టాలా వద్దా అన్నది చూడగానే తాత్విక ప్రశ్నలా కనపడదు. మెకానిక్కుని అడగాల్సిన ప్రశ్న అది, లేదంటే అప్పిచ్చే బ్యాంకుని. కానీ ఈ ప్రశ్నని ఏడాది పాటు దగ్గర్నుంచి చూసిన మీదట నాకు అందులో ఇంకో ప్రశ్న కనపడింది. పదిమంది క్షేమంగా ఉండటమనేది ఒక మనిషి జాగ్రత్త మీద ఆధారపడాలా, లేక వాళ్ళ చుట్టూ ఉన్న వస్తువు స్వభావం మీద ఆధారపడాలా? రెండూ ఉంటే మంచిదే కదా అంటారు. నిజమే. కానీ రెండూ దొరకనప్పుడు, ఒకదానికోసం ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు, దేని వైపు మొగ్గాలి అన్నదే ఈ వ్యాసం.

ముందు సందర్భం చెప్తాను. మేముండేది సియాటిల్ దగ్గర, లేక్ వాషింగ్టన్ ఒడ్డుకి నడిచి వెళ్ళేంత దూరంలో. ఇక్కడ పడవ ఉండటం పెద్ద గొప్పేం కాదు, మన ఊళ్ళల్లో ట్రాక్టర్ ఉన్నట్టు. మా వీధి చివర ఉండే పెద్దాయన ఒకాయన స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. 1968లో కట్టిన 38 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఒకటి ఆయన దగ్గర 31 ఏళ్ళుగా ఉంది. లోపల రెండు గదులు, చిన్న వంటగది, అడుగున రెండు పెట్రోలు వి-8 ఇంజన్లు. ఎనిమిది సిలిండర్లవి ఒక్కోటి. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ చేసే వేలమంది తెలుగువాళ్ళలో నేనొకడిని. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో చెప్పిన పాపానికి, ఇంజన్లు మార్చాలా వద్దా అన్న ఆలోచన వచ్చినప్పుడు ఆయన నా దగ్గరికొచ్చాడు. ఆటో సైకిల్, డీజిల్ సైకిల్ బొమ్మలు పరీక్షల్లో గీసి మార్కులు తెచ్చుకున్నాను కానీ, ఇంజను నూనె చేతికంటిన సందర్భాలు తక్కువ. అయినా లెక్కలు వెయ్యటం నాకిష్టం. అందుకని ఒప్పుకున్నాను.

అసలు పడవల్లోకి పెట్రోలు ఎందుకొచ్చింది అంటే, దానికి కార్లే కారణం. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ల కంపెనీలు లక్షల సంఖ్యలో పెద్ద పెట్రోలు ఇంజన్లు చేసేవి. వాటినే తీసుకుని, ఉప్పునీటికి, తడికి తట్టుకునేలా కొన్ని మార్పులు చేసి పడవల్లో బిగించటం చవక. మిషిగన్ రాష్ట్రం అల్గొనాక్‌లో మొదలైన క్రిస్-క్రాఫ్ట్ లాంటి పేరున్న కంపెనీలూ ఆ దారే పట్టాయి. అదే శక్తినిచ్చే డీజిల్ ఇంజను అప్పట్లో చాలా బరువు, చాలా ఖరీదు. పెట్రోలేమో 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేదాకా కారుచవక. కాబట్టి మామూలు కుటుంబాలు కొనుక్కునే పడవల్లో పెట్రోలే ఉండేది. అప్పటి పడవలు ఎన్నో ఇంకా తేలుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ పొట్ట యాభై, అరవై ఏళ్ళయినా పుచ్చిపోదు. ఇంజన్లకి మాత్రం అంత ఆయుష్షు లేదు. అందుకే ఈ ప్రశ్న పుట్టింది. పొట్ట ఇంకా బాగుంది, గుండె అయిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఈ విషయంలో మామూలుగా వినపడే వాదనలు మూడు. మూడింటికీ కొంత విలువుంది కానీ, ఏదీ ప్రశ్నని తేల్చదు.

మొదటిది డబ్బు. ఆయన లాగ్‌బుక్ ప్రకారం మంచి వేగంలో రెండు ఇంజన్లూ కలిసి గంటకి 25 గ్యాలన్ల పెట్రోలు తాగుతాయి. అంతే వేగానికి డీజిల్ అయితే 15 సరిపోతుందని మా అంచనా. ఆయన పడవ నడిపేది ఏడాదికి 60 గంటలు. అంటే 1500 గ్యాలన్లు కాస్తా 900 అవుతాయి, 600 మిగులుతాయి. గ్యాలన్ నాలుగున్నర డాలర్లనుకుంటే ఏడాదికి 2700 డాలర్లు. రెండు కొత్త డీజిల్ ఇంజన్లు, వాటిని దించి బిగించటానికి ఆయనకి వచ్చిన కొటేషన్ లక్ష డాలర్ల పైచిలుకు. ఇంజన్లొక్కటే మారిస్తే సరిపోదు మరి. డీజిల్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గేర్‌బాక్స్ మారాలి, దాంతోపాటు ప్రొపెల్లర్లు మారాలి. డీజిల్ ఇంజను వాడుకోని ఇంధనాన్ని తిరిగి ట్యాంకుకి పంపుతుంది, దానికి ఇంకో గొట్టం వెయ్యాలి. పాత ట్యాంకుకి జింకు పూత ఉంటే డీజిల్‌తో పడదు, కాబట్టి ట్యాంకు కూడా మార్చాలి. పొగగొట్టాలు, గాలి వచ్చే దార్లు, ఇంజను కూర్చునే దిమ్మలు, అన్నీ తిరగతోడాలి. లక్షని 2700తో భాగిస్తే 37 ఏళ్ళు. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. డబ్బు మిగులుతుందని డీజిల్ పెట్టుకునేవాళ్ళు ఏడాదంతా పడవ నడిపే జాలర్లు, సరుకు చేరవేసేవాళ్ళు. వాళ్ళకి ఆ లెక్క తేలుతుంది. సరదాగా నడిపేవాళ్ళకి తేలదు.

రెండోది పర్యావరణం. ఒక గ్యాలన్ పెట్రోలు మండితే 8.89 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ అయితే 10.18 కిలోలు. గ్యాలన్‌కి డీజిల్‌దే ఎక్కువ, కానీ గ్యాలన్లు తగ్గుతాయి కాబట్టి మొత్తమ్మీద ఏడాదికి పదమూడు టన్నుల చిల్లర తొమ్మిది టన్నుల చిల్లరకి దిగుతుంది. మంచిదే. కానీ సరదాకి తిరిగే పడవకి ఇంకా తేలికైన దారి ఉంది, తక్కువ తిరగటం. పైగా డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చి చెప్పింది. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

మూడోది పాత వస్తువు పట్ల మర్యాద. ఇంజను మారిస్తే అది అదే పడవా? ఇక్కడ ఎవరో ఒకరు థీసియస్ ఓడని లాక్కొస్తారు. ఏథెన్స్ వాళ్ళు ఆ ఓడ చెక్కలు పుచ్చినకొద్దీ మారుస్తూ వచ్చారని, చివరికది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకునేవారని ప్లూటార్క్ రాశాడు. కానీ మన ప్రశ్నకి ఆ ఓడ అంతగా పనికిరాదు. అక్కడ చెక్క తీసి చెక్కే పెట్టారు. ఇక్కడ ఒక స్వభావమున్న వస్తువు తీసి, ఇంకో స్వభావమున్న వస్తువు పెడుతున్నాం. అది అదే పడవా అన్నదానికన్నా, ఆ పడవలో మనిషి అదే మనిషిగా ఉంటాడా అన్నది నాకు అసలు ప్రశ్నగా అనిపించింది.

ఎందుకంటే, పెట్రోలు పడవ తన యజమానిని ఒకరకంగా తయారు చేస్తుంది.

పెట్రోలు మైనస్ 43 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కూడా అంటుకోగలిగినంత ఆవిరి వదులుతుంది. డీజిల్ అలా వదలాలంటే 52 డిగ్రీలు దాటాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కిందికి దిగుతుంది. కారులో గొట్టం కారితే ఆ ఆవిరి రోడ్డు మీదికి పోయి గాలికి చెదిరిపోతుంది. పడవలో ఎక్కడికి పోతుంది? పడవ అంటేనే చిల్లు లేని గిన్నె. నీళ్ళు లోపలికి రాకూడదని కట్టిన గిన్నెలోంచి ఆవిరి బయటికి పోదు. మునగకుండా కాపాడే గుణమే ఇక్కడ ప్రమాదమైంది. పడవ అడుగున, ఇంజన్ల కింద ఉండే ఆ చీకటి చోటుని బిల్జ్ అంటారు. అక్కడి గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు పెట్రోలు ఆవిరి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. ఆ నిప్పురవ్వ ఇంజను స్టార్ట్ చేసే మోటారులోంచే రావచ్చు.

అందుకే పెట్రోలు పడవలకి కొన్ని ఆచారాలున్నాయి. 1940 ఏప్రిల్ 25 తర్వాత పడవలో బిగించిన ప్రతి పెట్రోలు ఇంజనుకీ, బయట తగిలించుకునే మోటార్లకి తప్ప, మంట వెనక్కి తన్నితే ఆపే జాలీ లాంటి పరికరం ఉండాలని అమెరికా చట్టం. 1980 జూలై 31 తర్వాత కట్టిన పడవలకైతే అడుగునున్న గాలిని బయటికి తోడే ఫ్యాను కూడా ఉండాలి. దాని స్విచ్చి పక్కన ఒక హెచ్చరిక అంటించి ఉంటుంది. పెట్రోలు ఆవిరి పేలగలదు, ఇంజను తిప్పబోయే ముందు నాలుగు నిమిషాలు ఫ్యాను వేసి, ఆవిరి ఉందేమో చూసుకోండి అని. పెద్దాయన పడవ ఆ చట్టం కన్నా పాతది. అయినా ఫ్యాను తనే పెట్టించుకున్నాడు. నాలుగు నిమిషాలు చేతిగడియారం చూసి మరీ వేస్తాడు. తర్వాత ఇంజను మూత ఎత్తి, మోకాళ్ళ మీద వంగి, లోపలికి ముక్కు పెట్టి వాసన పీలుస్తాడు. 31 ఏళ్ళుగా అదే పద్ధతి. ఆల్టర్నేటర్ పాడైతే కార్ల కొట్లో అచ్చం అలాంటిదే చవగ్గా దొరుకుతుంది, సరిగ్గా కూర్చుంటుంది కూడా. కానీ దాని నిప్పురవ్వలు లోపలే ఉండేలా కట్టడి ఉండదు. ఆ తేడా తెలిసి, ఎక్కువ డబ్బు పోసి పడవలదే కొంటాడు.

మొన్నామధ్య మా అమ్మ వచ్చినప్పుడు ఆయన మమ్మల్ని పడవెక్కించాడు. మా అమ్మది పశ్చిమ గోదావరి. నరసాపురం రేవులో పంటు మీద సఖినేటిపల్లికి దాటటం ఆవిడకి బస్సెక్కటంతో సమానం. ఆవిడెరిగిన లాంచీలన్నీ డీజిల్‌వే, స్టార్ట్ చేసేముందు వంగి వాసన చూసేవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఈయన వంగగానే నా చెయ్యి గిల్లి, "ఏరా, ఆయనేంటి అలా వాసన చూస్తున్నాడు? గ్యాసు లీకవుతోందా?" అంది.

అమెరికాలో పెట్రోలుని గ్యాసనే అంటారు కాబట్టి ఆ మాట అక్షరాలా నిజం. ఆయనకి చెప్తే నవ్వాడు. "ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి మీ అమ్మగారే" అన్నాడు. అమ్మకి అందులో వింతేం కనపడలేదు. రాత్రి సిలిండర్ రెగ్యులేటర్ కట్టెయ్యకుండా ఆవిడకి నిద్ర పట్టదు. వంటగ్యాసు కూడా గాలికన్నా బరువే, అదీ నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వెయ్యకూడదు, స్విచ్చి ముట్టుకోకూడదు, ముందు కిటికీలు తియ్యాలి. ఇది మన ఇళ్ళల్లో ఏ ఆడవాళ్ళూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. రోజూ చెయ్యటం వల్ల ఒంటికి పట్టిన విద్య.

తెలుగులో ఈ విద్యకి మంచి మాటలున్నాయి. జాగ్రత్త అన్న మాటలో ఉన్నది జాగ్రదవస్థ, అంటే మేలుకుని ఉండటం. మెలకువ అన్నా అదే, నిద్రలో లేకపోవటం. ఆ మెలకువనే బహువచనంలోకి మార్చి వంటలో మెలకువలు, సాగులో మెలకువలు అన్నామంటే పనితనం. మేలుకుని ఉండటమూ, పని బాగా తెలిసి ఉండటమూ ఒకటేనని మన భాష ఎప్పుడో కలిపేసింది. అరిస్టాటిల్ కూడా దగ్గర దగ్గర ఇదే చెప్పాడు, మంచి గుణాలు చేతిపనుల్లాగే చెయ్యగా చెయ్యగా అలవడతాయని. ఆ లెక్కన చూస్తే పెద్దాయన నాలుగు నిమిషాలు వృథా కాదు. ఆయన్ని ఆ పడవే అంత శ్రద్ధగల మనిషిని చేసింది.

అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ బోర్గ్‌మన్ అనే తత్వవేత్త 1984లో తెచ్చిన పుస్తకంలో ఇలాంటి వాదనే ఉంది. ఇంట్లో పొయ్యి ఉన్నప్పుడు కట్టెలు కొట్టాలి, నిప్పు చూసుకోవాలి, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరాలి. సెంట్రల్ హీటింగ్ వచ్చాక వెచ్చదనం మాత్రం మిగిలింది, మిగతావన్నీ పోయాయి. యంత్రం గోడ వెనక్కి పోయింది, దాంతో మన పాత్రా పోయింది అంటాడాయన. డీజిల్ పెట్టడాన్ని ఈ కోణంలో చూస్తే అదొక నష్టమే. తాళంచెవి తిప్పు, వెళ్ళు. పడవకి నీతో పనిలేదు. సగం జీవితం పొద్దున్నే మోకాళ్ళ మీద వంగిన మనిషికి అది చిన్న నష్టం కాదు.

ఈ వాదన నాకు చాలా నచ్చుతుంది. నచ్చుతుంది కాబట్టే దాన్ని గట్టిగా అనుమానించాలి.

నా వృత్తిలో ఇదే తగాదా కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో కంప్యూటర్ మెమరీని ప్రోగ్రామరే చూసుకోవాలి. తీసుకున్నది సరిగ్గా తిరిగివ్వాలి, హద్దు దాటకూడదు, వదిలేసిన చోటుని మళ్ళీ ముట్టుకోకూడదు. ఇవన్నీ జాగ్రత్తగా చెయ్యగలగటం మా వాళ్ళలో ఒక పౌరుషం. మంచి ప్రోగ్రామర్‌కి ఇవన్నీ అలవాటుగా వస్తాయి అంటారు. 2019లో మైక్రోసాఫ్ట్ భద్రతా ఇంజనీర్లు తమ లెక్క బయటపెట్టారు. ఏటా వాళ్ళు సరిచేసి ప్రకటించే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం ఈ మెమరీ తప్పులేనని. అక్కడున్నది చేతగానివాళ్ళు కాదు. బాగా తెలిసినవాళ్ళే, కానీ మనుషులు. రస్ట్ లాంటి భాషలు అలాంటి తప్పుల్లో చాలావాటిని అసలు రాయనివ్వవు. జాగ్రత్తని మనిషి బుర్రలోంచి తీసి భాషలో పెట్టాయి. పెట్రోలుకీ డీజిల్‌కీ తేడా కూడా సరిగ్గా ఇదే. పెట్రోలు పడవలో జాగ్రత్త యజమాని ముక్కులో ఉంటుంది. డీజిల్ పడవలో దానిలో చాలా భాగం ఇంధనం స్వభావంలోనే ఉంటుంది. ఆ ఇంజనులో స్పార్క్ ప్లగ్గే లేదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కించి, ఆ వేడిలోకి ఇంధనం చిమ్మితే అదే అంటుకుంటుంది. సిలిండర్ బయట, మామూలు ఎండలో, బిల్జ్‌లో ఒలికిన డీజిల్ పేలేంత ఆవిరి కాదు.

ముక్కు అన్నాను కదా. అసలు పెద్దాయన ఇంజన్లు మార్చే ఆలోచనలో ఎందుకు పడ్డాడో చాలా రోజులు నాకు చెప్పలేదు. ఇంజన్లు పాతవయ్యాయి, ఖర్చవుతోంది అనేవాడు. కానీ ఆ లెక్కలు తేలవని నాకన్నా ముందు ఆయనకే తెలుసు. ఒకరోజు ఎక్సెల్ షీటు మొత్తం చూసి పక్కనపెట్టి, నెమ్మదిగా చెప్పాడు. వాసనలు సరిగ్గా తెలియటం లేదట. పొయ్యి మీద కాఫీ మాడితే పొగ కనపడేదాకా తెలియలేదట. వయసుతో పాటు వచ్చింది, తగ్గేది కాదన్నారట డాక్టర్లు. "అయినా మూత ఎత్తి వంగుతూనే ఉన్నాను. అందరూ చూస్తారు, నమ్ముతారు. నాకు మాత్రం ఏమీ తెలియదు" అన్నాడు.

ఈ మాట తర్వాత నాకు బోర్గ్‌మన్ వాదన అంతకుముందులా వినపడలేదు. ఆచారం అలాగే ఉంది, దానిలో ప్రాణం పోయింది. చూసేవాళ్ళకి ఆ రెంటికీ తేడా తెలియదు. ఎండాకాలం సెలవుల్లో ఆయన మనవలిద్దరు ఆ పడవలో పడుకుంటారు, ఒకళ్ళకి ఆరేళ్ళు, ఒకళ్ళకి తొమ్మిది. వాళ్ళ పక్కలు ఇంజన్లున్న చోటికి నాలుగడుగుల దూరం.

జాగ్రత్త అనే గుణం మనిషితో పాటు ముసలిదవుతుంది. వారసత్వంగా కూడా రాదు. పడవ అమ్మితే ఇంజన్లు పోతాయి, ట్యాంకు పోతుంది, ఆ నాలుగు నిమిషాలు మాత్రం కొన్నవాడితో పోవు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ జాగ్రత్త మీద బతికేది జాగ్రత్త పడేవాడొక్కడే కాదు. ఎక్కిన ప్రతివాళ్ళూ, తమకి తెలియకుండానే, ఒక మనిషి అలవాటుకి తమ ప్రాణాలు అప్పిస్తున్నారు. మా అమ్మ తప్ప ఎవరూ అడగలేదంటే, ఎవరికీ తెలియదనే అర్థం. నా మెలకువతో నా ప్రాణాన్ని కాపాడుకోవటం సాహసమో, సరదానో, నా ఇష్టం. నా మెలకువ మీద నీ ప్రాణం పెట్టి, ఆ సంగతి నీకు చెప్పకపోవటం మాత్రం శ్రద్ధ ఎంత ఉన్నా సరే, శ్రద్ధ కిందకి రాదు.

అయితే డీజిల్ పెట్టగానే ధర్మం గెలిచింది అనలేం. డీజిల్ కూడా జాగ్రత్తని పూర్తిగా రద్దు చెయ్యదు, చోటు మారుస్తుంది. డీజిల్ ట్యాంకులో నీళ్ళు చేరితే సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు పూడుకుపోతాయి, ఇంజను సరిగ్గా అలల మధ్యలో ఆగిపోతుంది. ఎక్కువ ఒత్తిడితో ఇంధనం పోయే గొట్టం పగిలి, వేడి పొగగొట్టం మీద చిమ్మితే డీజిల్ కూడా భగ్గుమంటుంది. ఇక ఇందాక చెప్పిన పొగ. పెట్రోలు పేలితే పడవలో ఉన్నవాళ్ళు పోతారు, అదే క్షణంలో, అందరికీ తెలిసేలా. డీజిల్ మసి రేవులో పక్క పడవలో ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నెమ్మదిగా, ఎవరి లెక్కలోకీ రాకుండా. మనకి కావలసినవాళ్ళ మీద ఉన్న ప్రమాదాన్ని మనకి తెలియనివాళ్ళ మీదకి తోస్తున్నామా అన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి నా జవాబు పూర్తి జవాబు కాదు, కానీ ఉంది. పాత కార్బొరేటర్ పెట్రోలు ఇంజన్లు కూడా పక్కవాళ్ళకి మేలు చేసేవి కావు. వాటి పొగలో కార్బన్ మోనాక్సైడ్ డీజిల్ పొగలో కన్నా చాలా ఎక్కువ. అది రంగూ వాసనా లేని విషం, పడవ వెనక ఈదే పిల్లల్ని చంపగలదు. కొత్త డీజిళ్ళ మసి పాతవాటికన్నా బాగా తక్కువ. పైగా మసి ఎంత అన్నది ఎంత ఇంధనం కాలుస్తామన్న దాన్నిబట్టి ఉంటుంది, దాన్ని మనం తగ్గించుకోవచ్చు. పేలుడు విషయంలో అలా సగం తగ్గించుకోవటం ఉండదు.

ఇంకో అభ్యంతరం డబ్బు గురించి. లక్ష డాలర్లున్నవాడికి ధర్మం సులువు, లేనివాడి సంగతేంటి? జాగ్రత్తని వస్తువులో పెట్టడానికి ఎప్పుడూ ఖర్చవుతుంది. లేనివాళ్ళు మెలకువ మీదే బతకాలి. ప్రపంచమంతా అలాగే ఉంది. డీజిల్ పెట్టుకోలేని పాత పడవ యజమాని అధర్మపరుడని నేననను. అతనికీ మధ్య దార్లున్నాయి. పాత ఇంధనపు గొట్టాలు మార్చటం, బిల్జ్‌లో ఆవిరిని పసిగట్టే పరికరం పెట్టడం. ముక్కు ముసలిదవుతుంది కానీ, నమ్మకంగా చూసుకుంటే సెన్సర్ కొన్నాళ్ళు ముక్కు పని చేస్తుంది. పెట్రోలులోనే కొత్త తరం ఇంజన్లూ ఉన్నాయి. అమెరికాలో 2010 నుంచి వచ్చిన కొత్త నిబంధనల వల్ల వాటికి పొగని శుభ్రం చేసే క్యాటలిస్టులు వచ్చాయి, విషవాయువు తగ్గింది. డీజిల్‌కన్నా చవక, పాత దిమ్మల మీదే దాదాపు సరిపోతాయి. కానీ ట్యాంకులో ఉన్నది అదే పెట్రోలు, దాని ఆవిరి అదే ఆవిరి. ఇవేవీ చేతకాకపోతే, దమ్మిడీ ఖర్చు లేని దారి ఒకటుంది, చెప్పటం. ఎక్కేవాళ్ళకి ఈ పడవ సంగతి ఇది, ఈ నాలుగు నిమిషాలు ఇందుకు, మీరూ వచ్చి వాసన చూడండి అని చెప్పటం. పది ముక్కులు ఒక ముక్కుకన్నా నయం. మెలకువని పంచుకుంటే, ప్రాణాలు అప్పివ్వటం కాస్తా కలిసి కాపలా కాయటమవుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచింది ఇది. మెలకువ గొప్ప గుణమే. కానీ అది ఎప్పటికీ ఉంటుందన్న ధీమా మీద ఇతరుల ప్రాణాలు కట్టకూడదు. మెలకువ చెయ్యాల్సిన పనుల్లో పెద్దది, ఒకరోజు తను లేకపోయినా నడిచేలా ఏర్పాటు చెయ్యటం. అరిస్టాటిల్ చెప్పిన అలవాటు మనిషిని మంచివాణ్ణి చేస్తుంది, నిజమే. కానీ ఇంకొకళ్ళ ప్రాణాన్ని పందెంలో పెట్టి నన్ను నేను మంచివాణ్ణి చేసుకోవటంలో ఏదో స్వార్థం ఉంది. మనకి శ్రద్ధ అవసరమైన చోట్లు ఎన్నో ఉన్నాయి. పొగమంచు, అలలు, వాతావరణం, ఈత రాని పిల్లలు. ముక్కు మీద మోపిన బరువు దించితే ఆ మెలకువ వీటికి మిగులుతుంది.

పెద్దాయన చివరికి డీజిలే తెప్పించాడు. కానీ లక్ష డాలర్లవి కాదు. పాత వేగం కావాలనుకుంటే అంత అవుతుంది. నీళ్ళని చీల్చుకుని పైకి లేచి పరిగెత్తకుండా, నీళ్ళల్లోనే కూర్చుని నెమ్మదిగా పోవటానికి ఒప్పుకుంటే చాలా చిన్న ఇంజన్లు సరిపోతాయి. నీటిని తాకే పొడవు 34 అడుగులున్న పడవకి అలా పోయే వేగం సుమారు 8 నాట్లు. ఇదివరకటి వేగంలో సగం కన్నా తక్కువ. ఇంధనం గంటకి మూడు నాలుగు గ్యాలన్లకి దిగుతుంది, మసీ దాంతోపాటే దిగుతుంది. కొటేషన్ కూడా సగానికి పైగా తగ్గింది. నేను కష్టపడి కట్టిన ఎక్సెల్ షీటులో ఈ దారికి అసలు గడే లేదు, ఎందుకంటే మొదటి గడిలోనే వేగం మారదని రాసుకుని కూర్చున్నాం. ఏది వదులుకోగలమో అడగకుండా ఏది లాభమో లెక్కేస్తే ఇలాగే ఉంటుంది.

ఆ మార్పు తర్వాత ద్వీపాలకి వెళ్ళటానికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటుతుంది. మనవలు విసుక్కుంటారని ఆయన బెంగ. విసుక్కోనీ. ఆ విసుగుని వాళ్ళు చూడగలరు, తాతని అడగగలరు, అలిగి కూర్చోగలరు. ఇన్నేళ్ళూ వాళ్ళ పక్కల కింద ఉన్నదాని గురించి వాళ్ళకి ఏమీ అడిగే వీలే లేకపోయింది.